పాత పడవ బరువెంత?

హుసేన్‌సాగర్ ఒడ్డున, సికింద్రాబాదు వైపు, సెయిలింగ్ క్లబ్బుల పడవలు ఆరబెట్టే చోటికి వెళ్తే ఒకే అచ్చులోంచి తీసినట్టుండే చిన్న పడవలు కనిపిస్తాయి. లేజర్ అంటారు వాటిని. పొడవు 4.2 మీటర్లు, తెరచాప ఒక్కటే, నడిపే మనిషీ ఒక్కడే. పెద్ద రకం తెరచాప వైశాల్యం 7.06 చదరపు మీటర్లు, ఖాళీ తొట్టి బరువు సుమారు 59 కిలోలు. ఏ దేశంలో తయారైనా, ఏ ఏడాది తయారైనా ఈ కొలతలు మారవు. పోటీ నియమాలే వాటిని మారనివ్వవు.

సెకండ్ హ్యాండ్ పడవ కొనాలనుకునేవాళ్లు ముందు ఈ సంగతి గుర్తు పెట్టుకోవాలి. ఇక్కడ మోడల్ తేడాలు లేవు, అదనపు హంగులు లేవు. పక్కపక్కనే ఉన్న రెండు పాత లేజర్లలో ఒకదాని ధర రెండోదానికి రెట్టింపు ఉందంటే కారణం వాటి ఒంట్లోనే ఉంటుంది. ఫైబర్‌గ్లాస్ అనే పదార్థం ఎలా పుట్టిందో, ఎలా ముసలిదవుతుందో తెలిస్తే ఆ తేడా కంటికి కనిపిస్తుంది, చేతికి తగులుతుంది. బేరం ఆడటానికి నోటి చాతుర్యం కంటే ఆ తెలివిడి ఎక్కువ పనికొస్తుంది.

గాజు పెళుసు. కానీ దాన్ని సన్నటి పోగుగా లాగితే దాని బలం అనూహ్యంగా పెరుగుతుంది. 1920లో ఇంగ్లండు ఇంజనీరు గ్రిఫిత్ దీన్ని ప్రయోగం చేసి చూపించాడు. గాజు పగలడానికి మూలం దాని ఒంటి మీది కంటికి కనపడని గాట్లు. పోగు ఎంత సన్నగా ఉంటే అందులో పెద్ద గాటుకు అంత తక్కువ చోటు. ఆ పోగులను పెద్ద ఎత్తున తయారుచేసే దారి మాత్రం అనుకోకుండా దొరికింది. 1932లో అమెరికాలోని ఓవెన్స్-ఇల్లినాయ్ కంపెనీలో డేల్ క్లైస్ట్ అనే యువకుడు గాజు దిమ్మెలను అతికించే ప్రయత్నంలో ఉండగా, కరిగిన గాజు ధార మీద గాలి ఒత్తిడి పడి సన్నటి పోగులుగా విడిపోయింది. అక్కడి గేమ్స్ స్లేటర్ దాన్ని పద్ధతిగా మలిచాడు. 1938లో ఓవెన్స్-కోర్నింగ్ కంపెనీ ఏర్పడింది. అదే దశకంలో కార్ల్‌టన్ ఎల్లిస్ పాలియెస్టర్ రెజిన్ మీద పేటెంట్లు తీసుకున్నాడు. గాజు పోగు లాగుడును తట్టుకుంటుంది, రెజిన్ ఆ పోగులను కదలకుండా పట్టి ఉంచుతుంది. ఈ రెండింటినీ కలిపి 1942లో ఒహాయో రాష్ట్రం టొలీడోలో రే గ్రీన్ ఒక తెరచాప పడవ చేశాడు.

కొయ్య పడవను లోపలి నుంచి బయటికి కడతారు. ముందు అస్థిపంజరం, తర్వాత పలకలు. ఫైబర్ పడవది పూర్తిగా తిరగేసిన వరస. అచ్చు లోపలి గోడకు ముందుగా జెల్‌కోట్ పూస్తారు. మనకు పైన మెరుస్తూ కనిపించే రంగు పొర అదే. దాని మీద గాజు పోగుల మ్యాట్ పరిచి, హార్డ్‌నర్ కలిపిన రెజిన్‌తో తడిపి, లోపల గాలి బుడగలు మిగలకుండా రోలర్‌తో ఒత్తుతారు. గట్టిపడ్డాక అచ్చులోంచి ఊడదీస్తే నున్నటి పడవ బయటికి వస్తుంది. బుడగ మిగిలిన చోట, మ్యాట్ సరిగ్గా తడవని చోట పడవ పుట్టుకతోనే బలహీనంగా ఉంటుంది. అది బయటపడటానికి కొన్నిసార్లు ఏళ్లు పడుతుంది.

లేజర్ పుట్టుక కూడా ధర చుట్టూ తిరిగిన కథే. 1969లో కెనడాకు చెందిన డిజైనర్ ఇయాన్ బ్రూస్ తన మిత్రుడు బ్రూస్ కర్బీకి ఫోన్ చేశాడు. కారు పైకప్పు మీద పెట్టుకుని తీసుకుపోగలిగే చిన్న పడవ కావాలన్నాడు. కర్బీ ఒలింపిక్స్‌లో పాల్గొన్న నావికుడు, పడవల పత్రికకు సంపాదకుడు. మాట్లాడుతూనే కాగితం మీద గీసేశాడు. 1970 అక్టోబరులో, వెయ్యి డాలర్ల లోపు పడవల కోసం అమెరికాలోని విస్కాన్సిన్‌లో పెట్టిన పోటీలో నమూనా నీళ్లలోకి దిగింది. 1971లో న్యూయార్క్ బోట్ షోలో జనం ముందుకు వచ్చింది. ఆ తర్వాత రెండు లక్షలకు పైగా తయారయ్యాయి. 1996 అట్లాంటాతో ఒలింపిక్స్‌లోకి ప్రవేశించింది. 2019 నుంచి దీని అధికారిక పేరు ఐఎల్‌సీఏ. పాతవాళ్లు ఇప్పటికీ లేజర్ అనే అంటారు. 2023 హాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో భారత నావికులు విష్ణు శరవణన్ కాంస్యం, నేహా ఠాకూర్ రజతం గెలిచింది ఈ కుటుంబపు పడవల మీదే.

సముద్రానికి వందల కిలోమీటర్ల దూరంలో ఉన్న ఊళ్లో ఈ పడవలెందుకని అడిగేవాళ్లున్నారు. 1560లలో ఇబ్రహీం కులీ కుతుబ్‌షా కాలంలో హుస్సేన్ షా వలీ కట్టించిన చెరువుంది. 1806లో వెలసిన సికింద్రాబాదు కంటోన్మెంటు ఉంది. అక్కడి సైన్యపు ఇంజనీరింగ్ విభాగం తన ఈఎంఈ సెయిలింగ్ అసోసియేషన్ ద్వారా ఈ చెరువును దేశంలో లేజర్ పోటీలకు పేరున్న చోటుగా నిలబెట్టింది. నైరుతి గాలులు వీచే వానాకాలంలో జరిగే హైదరాబాద్ సెయిలింగ్ వీక్‌కు మూడు దశాబ్దాలు దాటిన చరిత్ర ఉంది. యాట్ క్లబ్ ఆఫ్ హైదరాబాద్ పేద ఇళ్ల పిల్లలకు ఇక్కడే పడవ నేర్పుతోంది. చుట్టూ ఎత్తు భవనాలు ఉండటంతో గాలి క్షణక్షణం దిక్కు మారుస్తుంది. ఇక్కడ నేర్చుకున్నవాళ్లు ఎక్కడైనా నడపగలరని నావికులు అంటారంటే నాకు ఆశ్చర్యం లేదు.

పడుకోవడానికి గది, వంటకు ఓ మూల ఉన్న క్యాబిన్ క్రూయిజర్ మీద మనసు పడేవాళ్లు కూడా మన ఊళ్లో ఉంటారు. చుట్టూ రోడ్డున్న చెరువులో దానికి వెళ్లే ఊరు లేదు. దాని అసలు చోటు గోదావరి, లేదా విశాఖ తీరం. అలాంటి పడవ కొనేవాళ్లు ముందు కాగితాలు చూడాలి. లోతట్టు జలాల్లో నడిచే మోటారు పడవకు, 1917 నాటి పాత చట్టం స్థానంలో వచ్చిన 2021 ఇన్‌లాండ్ వెసల్స్ చట్టం ప్రకారం రిజిస్ట్రేషనూ సర్వే సర్టిఫికెట్టూ కావాలి. అవి లేని పడవను ఎంత చవకగా ఇచ్చినా తీసుకోకూడదు. అందులో ఎక్కేది మన పిల్లలు. తర్వాత ఇంజను. ఆయిల్ పుల్ల తీసి చూస్తే నూనె పాల రంగులో ఉందంటే లోపలికి నీళ్లు చేరాయని అర్థం. తర్వాత వెనక గోడ. చాలా పాత ఫైబర్ మోటారు పడవల వెనక గోడలో రెండు ఫైబర్ పొరల మధ్య ప్లైవుడ్ ఉంటుంది. స్క్రూ రంధ్రాల గుండా నీళ్లు దిగి ఆ ప్లైవుడ్ లోలోపల కుళ్లుతుంది. వెనక బిగించిన మోటారును పట్టుకుని పైకీ కిందికీ ఊపితే గోడ కూడా కదిలిందా, ఇక బేరం అక్కడే ఆపేయాలి.

ఎప్పుడూ నీళ్లలోనే కట్టేసి ఉంచే పడవకు ఇంకో జబ్బు ఉంది. జెల్‌కోట్ పూర్తిగా నీటిని ఆపలేదు, నీటి అణువులు దాని గుండా మెల్లగా లోపలికి పోతాయి. లోపల పూర్తిగా గట్టిపడని రెజిన్ అవశేషాలు ఆ నీళ్లలో కరిగి చిక్కటి ద్రవంగా మారతాయి. ఆ చిక్కదనం బయటి నుంచి మరింత నీటిని లాగుతుంది. ఒత్తిడి పెరిగి పడవ అడుగున పొక్కులు లేస్తాయి. పొక్కును చిదిమితే పుల్లటి వాసన వస్తుంది. ఉప్పునీటిలో కంటే మంచినీటిలోనే ఈ లాగుడు ఎక్కువ, నీళ్లు వెచ్చగా ఉంటే ఇంకా ఎక్కువ. మన చెరువులూ నదులూ రెండు విధాలా దానికి అనుకూలమే. అక్కడక్కడా నాలుగు పొక్కులుంటే ధర తగ్గించి కొనొచ్చు. అడుగంతా పొక్కులుంటే జెల్‌కోట్ చెక్కి, నెలల తరబడి ఆరబెట్టి, మళ్లీ పూయాలి. ఆ ఖర్చు పడవ ధరను దాటిపోగలదు.

లేజర్లను వాడిన వెంటనే బయటికి లాగి పెడతారు కాబట్టి పొక్కుల బాధ తక్కువ. వాటి శత్రువు లోపల చేరిన నీరు. డెక్కు కింద గట్టినురుగు పొర ఉంటుంది. తేలికగా ఉంటూనే డెక్కుకు బిగువు ఇచ్చేది అదే. చుక్కాని బిగించిన స్క్రూల చుట్టూ, తెరచాప స్తంభం దిగే గుంట అడుగున, అంచు అతుకుల దగ్గర చిన్న సందు దొరికితే నీళ్లు లోపలికి జారతాయి, నురుగులోకి ఇంకుతాయి. లీటరు నీళ్లంటే కిలో. ఆరు లీటర్లు ఇంకిన పడవ పోటీలో పక్కవాడి కంటే ఆరు కిలోల భారాన్ని ప్రతి మలుపులోనూ మోస్తుంది.

ఇంకోటి బిగువు తగ్గడం. ఫైబర్‌గ్లాస్ కొయ్యలా కుళ్లదు, ఇనుములా తుప్పు పట్టదు. కానీ అలలు వేల సార్లు కొట్టగా కొట్టగా రెజిన్‌లో సన్నటి చీలికలు పడతాయి, పొరల మధ్య పట్టు వదులుతుంది. నావికులు దీన్ని పడవ మెత్తబడింది అంటారు. గాలి ఇచ్చిన శక్తిలో కొంత పడవను ముందుకు తోయకుండా దాని ఒంటిని వంచడానికే ఖర్చయిపోతుంది.

కొనేవాడు చేయాల్సిన పరీక్షలన్నీ ఇక్కడి నుంచే పుడతాయి. వెనక భాగం మీది సీరియల్ నంబరు చూస్తే వయసు తెలుస్తుంది. బాగా పాతవాటిలో అది ముందు కొక్కెం దగ్గర డెక్కు మీద ఉంటుంది. అరచేత్తో డెక్కును నొక్కుతూ పోవాలి. కాళ్లు ఆనించే చోటు పక్కన, స్తంభం గుంట చుట్టూ వేలి కింద లొంగితే పొరలు విడిపోయినట్టే. రూపాయి బిళ్లతో తట్టాలి. కుమ్మరి దగ్గర కుండ కొనేటప్పుడు చేసే పనే ఇది. గట్టి చోట ఖంగుమంటుంది, విడిపోయిన చోట మొద్దుగా వినిపిస్తుంది. స్తంభం గుంటలో నీళ్లు పోసి మట్టానికి గుర్తు పెట్టి, అరగంట ఆగి చూడాలి. మట్టం దిగితే అడుగు కారుతోంది. నడిచే పడవలో ఆ గుంట తెగితే స్తంభం డెక్కును చీల్చుకుని పడిపోతుంది కాబట్టి ఈ పరీక్ష మానకూడదు. అంచు అతుకుల మీద సబ్బు నీళ్లు రాసి, నీళ్లు వదిలే రంధ్రం గుండా నోటితో మెల్లగా ఊదితే కారే చోట బుడగలు లేస్తాయి. కంప్రెసర్ మాత్రం వాడొద్దు, అతుకులే విడిపోతాయి. రెండు గొట్టాలు కలిపిన స్తంభంలో పై గొట్టాన్ని చదునైన నేల మీద దొర్లించి చూడాలి, వంకర ఉంటే ఎగిరెగిరి పడుతుంది.

చివరిది, నా దృష్టిలో అన్నిటికంటే ముఖ్యమైనది, తూకం. రెండు తూకం యంత్రాల మీద ముందూ వెనకా ఆనించి పెడితే చాలు. స్తంభం, చుక్కాని, తాళ్లు ఏవీ ఉండకూడదు. నిజాయితీగా అమ్మేవాడు తూకానికి వెనకాడడు. “మొన్ననే పెయింట్ వేయించాను సార్, కొత్తదానిలా ఉంది” అన్నప్పుడు మాత్రం జాగ్రత్తపడాలి. రంగు బరువు పెంచుతుంది, దాని కింద ఏ పగుళ్లున్నాయో కనపడనివ్వదు.

బేరం మాటలు ఇక్కడ మొదలుపెడితే గౌరవంగా సాగుతాయి. అడిగిన ధర ఎక్కువని అనక్కర్లేదు. కొత్త తెరచాప ఎంత, పై గొట్టం ఎంత, గుంట మరమ్మతు ఎంత, వరసగా కాగితం మీద రాసి తీసేయమనాలి. దిగుమతి వస్తువులకు ధర ఎక్కువ, రావడానికి వారాలు పడుతుంది, అందుకే వాటిని గట్టిగా లెక్కపెట్టాలి. తాళ్లు పాతబడటం, రంగు వెలిసిపోవడం, గీతలు పడటం లెక్కలోకి తేకూడదు. స్టీలు స్క్రూలు, రివెట్లు సికింద్రాబాదు రాణిగంజ్‌లో ఒక పూటలో దొరికేవే. వాటిని పట్టుకుని వేలాడితే ఎదుటివాడికి మన మీద నమ్మకం పోతుంది. ఒకే తొట్టికి 7.06, 5.76, 4.7 చదరపు మీటర్ల మూడు రకాల తెరచాపలు బిగించొచ్చు కాబట్టి, ఏ కింది గొట్టం కలిపి ఇస్తున్నాడో కూడా అడగాలి. చిన్న గొట్టం కూడా ఉంటే ఇంట్లో పదిహేనేళ్ల పిల్లకూ అదే పడవ సరిపోతుంది, దానికి కొంచెం ఎక్కువ ఇవ్వొచ్చు.

తడి పట్టిన పడవను ఏప్రిల్లో కొనడం మేలు. డెక్కుకు గుండ్రటి మూత రంధ్రం పెట్టించి, చిన్న ఫ్యాను లోపలికి తిప్పి, నీడలో ఉంచితే దక్కను ఎండాకాలపు పొడిగాలి మిగతా పని చూసుకుంటుంది. జూన్ మొదటివారంలో మళ్లీ తూకం వేయాలి. అరవైకి దగ్గరగా దిగితే, డెక్కు బిగువుగా ఉంటే, వానాకాలం పోటీలకు దింపొచ్చు. అరవై ఐదు దగ్గరే ఆగిపోతే పిల్లలకు నేర్పే క్లబ్బుకు ఇవ్వొచ్చు.