మైదానంలో ఫిట్‌నెస్ క్లాస్‌లో చేరుతున్నారా? ఫీజు కట్టేముందు ఇవి చూసుకోండి

జహీరాబాద్‌లో పొద్దున్నే ఆరుబయట యోగా, జుంబా క్లాస్‌లో చేరాలనుకుంటున్నారా? ముందు ఈ విషయాలు తెలుసుకోండి.

అర్హత: యోగా శిక్షకులకు ఆయుష్ శాఖ పరిధిలోని యోగా సర్టిఫికేషన్ బోర్డు సర్టిఫికెట్ ఉందేమో అడగండి. తప్పనిసరి కాదు కానీ, రాత, ప్రాక్టికల్ పరీక్షలు పాసైతేనే ఇస్తారు.

ఆరోగ్యం: బీపీ, షుగర్, గుండె జబ్బు, మోకాళ్ల నొప్పుల గురించి మొదటి రోజే అడగాలి. అడగకుంటే మీరే చెప్పండి.

స్థలం: నేల చదునుగా ఉండాలి. 65వ నంబరు జాతీయ రహదారి పక్కన వద్దు. వేసవిలో ఎండ ముదరకముందే ముగియాలి.

అత్యవసరం: సీపీఆర్ తెలిసినవారు ఉండాలి. ఛాతీలో నొప్పి వస్తే వెంటనే ఆపి 108కి ఫోన్ చేయండి.

ఫీజు: ఒకరోజు చూశాకే కట్టండి, రసీదు తీసుకోండి.

నొప్పి అన్నా ఆపనివ్వని చోట మాత్రం ఉండొద్దు.