మీకు తెలుసా? పక్కకు జరిగితేనే కనిపించే పుర్రె

లండన్ నేషనల్ గ్యాలరీలో 'ది అంబాసడర్స్' అనే పెద్ద తైలవర్ణ చిత్రం ఉంది. జర్మన్ చిత్రకారుడు హాన్స్ హోల్బైన్ 1533లో దాన్ని ఓక్ చెక్క మీద వేశాడు. ఇద్దరు ఫ్రెంచివాళ్లు నిలువెత్తున నిలబడి ఉంటారు. ఒకరికి 29 ఏళ్లు, మరొకరికి 25. వాళ్ల వయసులు కూడా బొమ్మలోనే ఉన్నాయి: ఒకటి బాకు ఒర మీద, ఇంకొకటి మోచేతి కింద పుస్తకం అంచు మీద! మధ్యలో బల్ల నిండా గ్లోబులు, ఖగోళ పరికరాలు, పుస్తకాలు.

వాళ్ల కాళ్ల దగ్గర మాత్రం సాగదీసిన మరకలాంటిది ఒకటి ఏటవాలుగా ఉంటుంది. ఎదురుగా ఎంతసేపు చూసినా అంతుపట్టదు. చిత్రానికి కుడివైపు వెళ్లి ఓరగా చూస్తే, అది మనిషి పుర్రె! ఎంత చదువున్నా, ఎంత హోదా ఉన్నా చావు తప్పదన్న మాటను హోల్బైన్ అలా దాచాడు. బల్ల మీది లూట్ వాద్యానికి ఒక తీగ తెగి ఉంది. నాటి క్రైస్తవంలోని చీలికకు అది గుర్తని చాలామంది పండితుల అభిప్రాయం. ఎడమ పైమూలన, తెరచాటున సగమే కనిపించే శిలువ కూడా ఉంది. నాకైతే పుర్రెకన్నా అదే ఎక్కువ లోతుగా తోస్తుంది.

ఇలా వెతికితేనే దొరికే చిన్న వివరం మరో పెద్ద చిత్రంలోనూ ఉంది. నాలుగు శతాబ్దాల తర్వాత, 1937లో పికాసో 'గెర్నికా' వేశాడు. బాంబుల విధ్వంసం నిండిన ఆ చిత్రంలో, విరిగిన కత్తి పట్టుకున్న చేతి దగ్గర ఒక చిన్న పువ్వు ఉంటుంది. ఈసారి ఆ బొమ్మ కంటపడితే ముందు ఆ పువ్వును వెతకండి.