బ్యాటరీలో తగ్గింది నీళ్లే, యాసిడ్ కాదు

ఎండలు ముదిరితే పల్నాడులో కార్లు, ట్రాక్టర్లు పొద్దున్నే మొరాయిస్తాయి. సెల్ఫ్ కొడితే టకటకమంటుందే తప్ప ఇంజను తిరగదు. బ్యాటరీ బిరడాలు విప్పి చూస్తే నీళ్లు దిగిపోయి ప్లేట్ల అంచులు ఆరి కనిపిస్తాయి. "యాసిడ్ చచ్చిపోయింది, కొత్తది పొయ్యి" అని పక్కనుంచి సలహా. నరసరావుపేట నుంచి మాచర్ల దాకా ఈ ఒక్క మాటకు ఎన్ని మంచి బ్యాటరీలు తుక్కు తూకానికి పోయాయో!

బ్యాటరీలో ఉండేది సల్ఫ్యూరిక్ యాసిడ్ కలిపిన నీళ్లు. ఎండకీ ఛార్జింగుకీ పోయేది నీళ్లే, యాసిడ్ లోపలే ఉండిపోతుంది. ఎండ అనగానే రాష్ట్రమంతా తలుచుకునే రెంటచింతల మన జిల్లాదే. పైగా ఇంజను సెగ. నీళ్లు త్వరగా తగ్గక ఏమవుతాయి? పులుసు మరిగి చిక్కబడితే నీళ్లు పోస్తాం కానీ ఇంకా ఉప్పు వేయం కదా. ముందే ఘాటెక్కిన దాంట్లో మళ్లీ యాసిడ్ పోస్తే అది ప్లేట్ల జాలీని తినేస్తుంది. పొడి రాలి, లోపలి నీళ్లు నల్లబడి, అడుగున మడ్డి పేరుకుని చివరికి సెల్ షార్టవుతుంది.

"పోయగానే గ్రావిటీ లేచిందిగా" అంటారు. గ్రావిటీ అంటే లోపలి నీళ్లలో యాసిడ్ చిక్కదనం. అది మీటరులో లేస్తుంది కానీ బ్యాటరీకి బలం రాదు. బ్యాటరీ దిగినప్పుడు యాసిడ్‌లోని సల్ఫేటు ప్లేట్లకు పడుతుంది, అందుకే రీడింగు తగ్గుతుంది. ఛార్జింగ్ పెడితే అదే మళ్లీ నీళ్లలోకి వస్తుంది. నిండా ఛార్జయితే 1.28 దరిదాపుల్లో, సగం దిగితే 1.20 చుట్టుపక్కల ఉంటుంది. రీడింగు తగ్గితే కావలసింది ఛార్జింగే.

ఒక్కచోట మాత్రం ఒప్పుకోక తప్పదు. ట్రాక్టర్ బోల్తాపడి యాసిడ్ ఒలికిపోతే యాసిడే పోయాలి. అదీ బ్యాటరీ షాపులో, గ్రావిటీ చూసి.

పోసే నీళ్లు డిస్టిల్డ్ వాటరే కావాలి. పిడుగురాళ్ల సున్నపురాయి నేలలోంచి వచ్చే బోరు నీళ్లలోని లవణాలు ప్లేట్లకు చేటు. క్యాను నీళ్లు తాగడానికి శుద్ధి చేసినవి, బ్యాటరీకి కాదు.

ఇలాంటి పాత మాటలు ఇంకా ఉన్నాయి. బ్యాటరీని గచ్చు మీద పెడితే ఛార్జ్ దిగిపోతుందన్నది ఇప్పటి ప్లాస్టిక్ పెట్టెలకు వర్తించదు. ఇంజను నడుస్తుండగా టెర్మినల్ పీకి డైనమోను పరీక్షించడం పాత డీజిల్ బండ్ల కాలపు అలవాటు. ఇప్పటి కారులో వోల్టేజి ఒక్కసారిగా ఎగిసి కంప్యూటరే కాలిపోవచ్చు.

అనుమానముంటే మల్టీమీటరు పెట్టండి. బండి ఆపి కొన్ని గంటలయ్యాక 12.6 వోల్టులుంటే బ్యాటరీ నిండుగా ఉన్నట్టు, 12.2 అయితే సగం దిగినట్టు. ఇంజను నడుస్తుంటే మామూలు బండ్లలో 13.8 నుంచి 14.4 దాకా రావాలి. రాకపోతే డైనమో, బెల్టు, వైరింగు చూపించండి, కొత్త బ్యాటరీ కొన్నా అదీ దిగిపోతుంది. 15 దాటుతుంటే రెగ్యులేటర్ పోయినట్టే, ఎన్ని నీళ్లు పోసినా నిలవవు. టెర్మినళ్ల మీద తెల్లపొడి పేరుకుంటే నెగటివ్ వైరు ముందు విప్పి, వేడినీళ్లతో కడిగి, ఆరాక గట్టిగా బిగించండి. ప్లేట్లు తేలి ఉంటే మునిగేంత వరకే నీళ్లు పోసి ఛార్జింగ్ పెట్టండి, పూర్తయ్యాక పెట్టె మీది పై గీత దాకా నింపండి. ఛార్జింగ్ అవుతున్నప్పుడు హైడ్రోజన్ వస్తుంది, దగ్గర బీడీ కూడా వెలిగించకండి.