దోర్నాల దగ్గర ఆగిన యాత్ర

శ్రీశైల యాత్రకు బయలుదేరేవారు ముందుగా ఎన్నో లెక్కలు వేసుకుంటారు. ఏ వేళకు ఇల్లు వదలాలి, ఎక్కడ భోజనం చేయాలి, ఏ వేళకు కొండ చేరాలి అని నిర్ణయించుకుంటారు. గుంటూరు, ఒంగోలు వైపు నుండి వచ్చే వాహనాలకూ, ఆత్మకూరు వైపు నుండి వచ్చే వాహనాలకూ పెద్దదోర్నాల ఒక కూడలి. అక్కడి నుండి నల్లమల అడవి గుండా సుమారు 50 కిలోమీటర్ల ఘాట్ రోడ్డు దాటితే మల్లికార్జునస్వామి సన్నిధి చేరవచ్చు. అయితే దారిలో టైరు పంక్చరైనా, వాన పట్టుకున్నా లెక్క తప్పుతుంది. రాత్రి 9 గంటలు దాటిన తరువాత దోర్నాల చేరినవారికి అటవీశాఖ గేటు మూసి కనిపిస్తుంది. మరల ఉదయం 6 గంటలకు గాని అది తెరుచుకోదు.

అప్పుడు వాహనం దిగినవారి మనఃస్థితి సులభంగా ఊహించవచ్చు. ఒకరు డ్రైవరును నిందిస్తారు. ఒకరు గేటు వద్ద ఉన్న సిబ్బందిని బతిమాలుతారు. ఇంకొకరు ప్రయాణ ముహూర్తాన్నే తప్పుపడతారు. ఎవరు ఏమన్నా గేటు తెరుచుకోదు. తెల్లవారే వరకు ఆ సమయాన్ని ఎలా గడపాలన్నది మాత్రమే వారి చేతిలో ఉంటుంది. అనుకున్నది తప్పిపోయిన ప్రతి సందర్భంలోనూ మనిషి ఎదుర్కొనే స్థితి ఇదే. ఇటువంటి వేళ మనిషిని నిలబెట్టేవి రెండు: ఒకటి విశ్వాసం, రెండవది కుతూహలం.

విశ్వాసమంటే చేతులు ముడుచుకొని కూర్చోవడం కాదు. గమ్యానికీ, మనం వేసుకున్న పథకానికీ గల భేదాన్ని గుర్తించడమే విశ్వాసం నేర్పే మొదటి పాఠం. యాత్రికుని గమ్యం స్వామి దర్శనం. రాత్రి 11 గంటలకు కొండ చేరాలన్నది పథకం మాత్రమే. గేటు మూసినందువల్ల పథకం మారింది గాని గమ్యం చెక్కుచెదరలేదు. ఈ భేదం తెలిసినవాడు ముందుగా పిల్లలకు అన్నం, పెద్దలకు పడక చూస్తాడు. అది తెలియనివాడు తన కోపాన్ని వారికి పంచుతాడు.

విశ్వాసం ఓర్పును ఇస్తుంది. ఆ ఓర్పుకు ఒక పని కల్పించేది కుతూహలం. “మనకే ఎందుకు ఇలా జరిగింది?” అనే ప్రశ్న మనస్సును కుంగదీస్తుంది. “ఈ గేటు ఎందుకు మూస్తారు?” అనే ప్రశ్న మనస్సును తెరుస్తుంది. రెండూ ప్రశ్నలే అయినా, మొదటిదానికి సమాధానం దొరకదు. రెండవదానికి సమాధానం గేటు అవతలి అడవిలోనే ఉన్నది.

దోర్నాల నుండి శ్రీశైలం వెళ్లే దారి నాగార్జునసాగర్–శ్రీశైలం పులుల అభయారణ్యం గుండా సాగుతుంది. దేశంలో పులుల రక్షణకు 1973లో ‘ప్రాజెక్ట్ టైగర్’ ప్రారంభమైంది. 1983లో ఈ అరణ్యం ఆ పథకంలో చేరింది. పులి, చిరుతపులి వంటి జంతువులు ఎక్కువగా రాత్రివేళ సంచరిస్తాయి. కణుతులు, దుప్పులు మేతకూ నీటికీ రోడ్డు దాటుతాయి. వాహనాల దీపకాంతి కళ్లలో పడితే ఆ జంతువులు ఎటూ కదలలేక నిలిచిపోతాయి. వేగంగా వచ్చే వాహనం వాటికి ప్రాణాంతకం. మలుపుల దారిలో ప్రయాణికులకూ అంతే ప్రమాదం. పర్వదినాలలో ఈ నియమాన్ని సడలించిన సందర్భాలు ఉన్నప్పటికీ, సాధారణంగా రాత్రివేళ ఆ దారి వన్యప్రాణులది. ఈ కారణం తెలిసిన తరువాత గేటు అవరోధంగా కనిపించదు. పగలు మనకు దారి ఇచ్చిన అడవికి రాత్రి మనం దారి ఇస్తున్నామని అర్థమవుతుంది.

కుతూహలం అంతటితో ఆగదు. ఈ అడవిలో నివసించే చెంచుల గురించి అడగాలనిపిస్తుంది. తేనె, బంక, దుంపలు సేకరించి జీవించిన ఈ గిరిజనులకు మల్లన్న కేవలం దేవుడు కాదు, తమ ఆడబిడ్డను పెండ్లాడిన అల్లుడు. అందుకే ఆయనను ‘చెంచు మల్లయ్య’ అని ప్రేమగా పిలుచుకుంటారు. అడవిలో ఏ చెట్టు ఎప్పుడు పూస్తుందో, తేనెపట్టు ఎక్కడ ఉంటుందో గమనించకుండా వారికి జీవితం సాగలేదు. దేవునిపై భక్తి, పరిసరాలపై నిశిత దృష్టి అనేవి వారి జీవితంలో వేరువేరు విషయాలు కావు.

ఈ రెండు గుణాలూ కలిసిన యాత్రికుడు మన సాహిత్యంలో ఏనుగుల వీరాస్వామయ్య. మద్రాసు సుప్రీంకోర్టులో దుబాసీగా పనిచేసిన ఆయన 1830 మే నెలలో కాశీకి బయలుదేరి, 1831 సెప్టెంబరులో తిరిగి ఇల్లు చేరాడు. దారిలో శ్రీశైలాన్నీ దర్శించాడు. వేసవిలో మొదలైన ఆ ప్రయాణం వానాకాలం మీదుగా సాగింది. నేటి రోడ్లు, రైళ్లు లేని ఆ కాలంలో అనుకున్నది అనుకున్నట్లు జరగడం అరుదు. అయినా బస చేసిన చోటల్లా నీటి వసతి ఎలా ఉన్నది, సరుకులు ఏవి దొరుకుతాయి, తరువాతి మజిలీ ఎంత దూరం, జనుల ఆచారాలు ఎటువంటివి అని ఆయన వ్రాసిపెట్టుకున్నాడు. ఆ వ్రాతలే 1838లో ‘కాశీయాత్ర చరిత్ర’గా వెలువడ్డాయి. కాశీపై విశ్వాసం ఆయనను ముందుకు నడిపించింది. కుతూహలం ప్రతి మజిలీని పాఠంగా మార్చింది. ఆగిన చోటును వ్యర్థమని తలచి ఉంటే ఆ గ్రంథం మనకు దక్కేది కాదు.

అన్ని మార్పులూ ఒక్క రాత్రితో ముగియవు. 2020లో ఉగాది మార్చి 25న వచ్చింది. ఆనాటి నుండే దేశమంతటా లాక్‌డౌన్ అమలులోకి వచ్చింది. కర్ణాటక భక్తులు భ్రమరాంబను తమ ఆడపడుచుగా భావించి ఏటా ఉగాదికి కాలినడకన సైతం శ్రీశైలం వస్తారు. ఆ ఏడాది దర్శనాలు నిలిచిపోయాయి. భక్తులు ఇంటినే గుడిగా చేసుకోగలిగారు. కాని యాత్రికులపై ఆధారపడిన హోటలు కార్మికునికీ, పూలమ్మే స్త్రీకీ అది కేవలం దర్శనం తప్పడం కాదు, ఆ పూట కూడు తప్పడం. అటువంటి వేళ “అంతా మన మంచికే” అని ఇతరులకు చెప్పడం విశ్వాసం అనిపించుకోదు. ఎదుటివారి ఇంట పొయ్యి వెలిగిందో లేదో అడిగి తెలుసుకోవడం కూడా కుతూహలమే. ఆ అడగడంలో నుండే సహాయం పుడుతుంది.

విశ్వాసం లేని కుతూహలం కష్టం పెరిగినప్పుడు అలసిపోతుంది. కుతూహలం లేని విశ్వాసం కారణాలు వెదకడం మాని, అన్నిటినీ తలవ్రాతకు వదిలివేస్తుంది. ఈ విషయం విద్యార్థులకు మరింత అవసరం. కోరుకున్న కళాశాలలో సీటు రాకపోవచ్చు. పరీక్షనాడే జ్వరం రావచ్చు. ఇంటి పరిస్థితుల వల్ల చదువు ఒక సంవత్సరం ఆగవచ్చు. అప్పుడు మూడు ప్రశ్నలు వేసుకోవడం మేలు: నా గమ్యం మారిందా, దారి మాత్రమే మారిందా? ఇలా జరగడానికి కారణం ఏమిటి? నేను ఆగిన ఈ చోట తెలుసుకోదగినది, చేయదగినది ఏమున్నది? మొదటి ప్రశ్న ధైర్యాన్ని, రెండవది జ్ఞానాన్ని, మూడవది పనిని ఇస్తాయి.

ఉదయం 6 గంటలకు దోర్నాలలో గేటు తెరుచుకుంటుంది. రాత్రంతా విసుక్కున్నవారూ, రాత్రి కొంత తెలుసుకొని కొంత నిద్రించినవారూ ఒకే దారిలో కొండ ఎక్కుతారు. మొదటివారికి అది ఆలస్యంగా సాగిన ప్రయాణం. రెండవవారికి దారి పొడవునా కనిపించే ప్రతి చెట్టూ, ప్రతి మలుపూ రాత్రి విన్న సంగతులను గుర్తుచేస్తాయి. చీకటిలో వచ్చి ఉంటే వారు ఆ అడవిని చూసేవారే కారు.