పావ్లోవా మీద ఏ పండు పెట్టాలి?

ఆస్ట్రేలియా, న్యూజిలాండ్‌లలో క్రిస్మస్ నడివేసవిలో వస్తుంది. ఆ డిసెంబరు ఎండలో రెండు దేశాల ఇళ్లలోనూ భోజనాల బల్ల మధ్య కనిపించే తీపి పావ్లోవా. కాల్చిన తెల్లసొన నురుగు అడుగున, దాని మీద గిలక్కొట్టిన క్రీమ్, ఆపైన తాజా పండ్లు. స్ట్రాబెర్రీ ఎరుపు, కివీ ఆకుపచ్చ, పాషన్‌ఫ్రూట్ పసుపు గుజ్జులో నల్లగింజలు... ఎవరు చూసినా ముందు ఆ సింగారాన్నే మెచ్చుకుంటారు. నా దృష్టిలో మాత్రం పండ్లు అక్కడ సింగారం కోసం లేవు. అవి లేకపోతే ఆ తీపిని రెండు ముద్దలు మించి తినలేం.

పేరు రష్యన్ నర్తకి అన్నా పావ్లోవాది. ఆమె 1926లో ఈ రెండు దేశాల్లోనూ నాట్యం చేసింది. వంటకం ఎవరిదన్న తగువు ఇంకా నడుస్తూనే ఉంది. 1935లో పెర్త్‌లోని ఎస్ప్లనేడ్ హోటల్ వంటవాడు బెర్ట్ సాక్సే చేశాడని ఆస్ట్రేలియావాళ్లు అంటారు. అంతకంటే ముందే న్యూజిలాండ్‌లో ఈ వంట అచ్చయిందని ఒటాగో విశ్వవిద్యాలయ పరిశోధకురాలు హెలెన్ లీచ్ 2008లో పుస్తకమే రాశారు. మనకు ఈ తగువు కంటే దగ్గరి సంగతి మరొకటి ఉంది. రుక్మిణీదేవి అరండేల్ ఆస్ట్రేలియా వెళ్లిన ఓడలోనే పావ్లోవా కూడా ప్రయాణించింది. మీ దేశపు నాట్యాన్ని వెతికి నేర్చుకోమని ఆమెను ప్రోత్సహించింది కూడా ఆ నర్తకే. తర్వాత 1936లో రుక్మిణీదేవి చేతుల మీదుగా మద్రాసులో కళాక్షేత్రం వెలిసింది.

ఇక వంటకి వద్దాం. నాలుగు గుడ్ల తెల్లసొనకి సుమారు 220 గ్రాముల సన్న పంచదార పడుతుంది. ఇంత ఎందుకని తగ్గిస్తే నురుగు నిలవదు. అందులోని నీటిని పట్టి ఉంచి, బుడగలు కూలిపోకుండా కాసేది పంచదారే. గిన్నెకు నూనె జిడ్డు గానీ, తెల్లసొనలో పచ్చసొన చుక్క గానీ ఉండకూడదు. నురుగు మెత్తగా లేచాక పంచదారను చెంచా చెంచాగా వేస్తూ గిలక్కొట్టాలి. వేళ్ల మధ్య రుద్దితే గరుకు తగలకూడదు. చివర్లో రెండు చిన్న చెంచాల కార్న్‌ఫ్లోర్, ఒక చిన్న చెంచా వెనిగర్ కలిపితే పైన పెళుసుగా, లోపల మెత్తగా ఉంటుంది. బేకింగ్ పేపర్ మీద గుండ్రంగా పరిచి, నడుమ కాస్త గుంట చేసి, 120 డిగ్రీల వేడిలో గంటంబావు ఉంచాలి. తర్వాత ఓవెన్ కట్టేసి, తలుపు ఓరగా తెరిచి, అందులోనే చల్లారనివ్వాలి. గాలిలో తేమ ఎక్కువగా ఉన్న రోజున పెట్టుకోకపోవడమే మంచిది.

తీపి తగ్గించే దారి లేదు కాబట్టి పులుపు చేర్చాలి. అందుకే క్రీమ్‌లో పంచదార వేయొద్దంటాను. పండును మొదట పులుపు చూసి, తర్వాతే రంగు చూసి ఎంచుకోవాలి. అన్నిట్లోకీ పాషన్‌ఫ్రూట్ గొప్పది. నాలుగు కాయలు కోసి గుజ్జు పోస్తే చాలు, తినే ప్రతి ముద్దకూ పులుపు అందుతుంది. కివీ కూడా మంచిదే గానీ, దానిలోని ఎంజైము పాల మాంసకృత్తులను విరగ్గొడుతుంది. క్రీమ్ మీద ఎక్కువసేపు ఉంటే చేదెక్కుతుంది. వడ్డించే ముందే పెట్టాలి. స్ట్రాబెర్రీలను కడిగి, బట్టతో తడి ఒత్తాకే కోయాలి.

మామిడి సంగతి వేరుగా చెప్పాలి. క్వీన్స్‌లాండ్‌లో బోవెన్ పరిసరాల కెన్సింగ్టన్ ప్రైడ్ మామిడి సరిగ్గా వేసవి పండుగల వేళకి బజారుకొస్తుంది. 19వ శతాబ్దంలో మన దేశానికి గుర్రాలు చేరవేసిన వర్తకుల ద్వారా దాని టెంకలు అక్కడికి చేరాయని చెబుతారు. మనకు మామిడి కనిపిస్తే చెయ్యి ఆగదు! కానీ బాగా మగ్గిన రసంపండు పావ్లోవాకి పనికిరాదు, రసం కారి పెళుసునంతా నానబెడుతుంది. బంగినపల్లిలా కోతకు వచ్చే కాయ కావాలి, అదీ కాస్త గట్టిగా ఉండగానే. అక్కడ దొరికేవాటిలో ఆర్‌టూఈటూ రకం కండగా ఉండి చక్కగా తెగుతుంది. పల్చటి ముక్కలు కోసి, పైన నిమ్మరసం పిండి, పక్కనే పాషన్‌ఫ్రూట్ పోయాలి. ఒక్క మామిడితోనే నింపితే తీపి మీద తీపి అవుతుంది.

మనవాళ్ల విందుల్లో గుడ్డు ముట్టనివాళ్లు ఎప్పుడూ ఉంటారు. వాళ్లకు పండ్ల ముక్కలు మాత్రం గిన్నెలో వేసి ఇవ్వడం నాకు నచ్చదు. కాబూలీ శనగలు ఉడికిన చిక్కటి నీళ్లు తెల్లసొనలాగే నురుగెత్తుతాయని 2014లో ఫ్రాన్స్‌లో జోయెల్ రోసెల్ చూపించాడు. డబ్బా శనగల నీళ్లయితే సులువు, ఉప్పు వేయనివి చూసుకోవాలి. ఒక తెల్లసొన బదులు రెండు పెద్ద చెంచాలు లెక్క. చిటికెడు క్రీమ్ ఆఫ్ టార్టర్ వేసి, ఇంకా ఎక్కువసేపు గిలక్కొట్టి, 100 డిగ్రీల్లో నెమ్మదిగా ఎండనివ్వాలి. పెద్ద కేకుగా చేస్తే కుంగుతుంది కాబట్టి అరచేతిలో పట్టే చిన్న గూళ్లుగా చేసుకుంటే మేలు. క్రీమ్, పండ్లు విడిగా చల్లగా ఉంచి, బంతి లేచే ముందు ఒక్కొక్కరి పళ్లెంలోనే నింపి ఇవ్వొచ్చు. వీటిని గుడ్డు పావ్లోవా పక్కనే, ఏది ఏదో పేరు రాసి పెట్టండి. వడ్డించే చెంచాలు మాత్రం వేరువేరుగా ఉండాలి.