మీకు తెలుసా? మూడు చక్రాల స్ట్రోలర్ (పసిపిల్లల బండి) పుట్టింది పరుగు కోసం!

అమెరికాలో వాషింగ్టన్ రాష్ట్రంలోని యాకిమాలో ఒక పత్రికలో పనిచేసే ఫిల్ బేక్లర్‌కు పరుగంటే ఇష్టం. పసివాడైన కొడుకునూ వెంట తీసుకెళ్లాలనుకున్నారు. మామూలు స్ట్రోలర్ చిన్న చక్రాలు పరుగుకు పనికిరావని, దానికి సైకిల్ చక్రాలు బిగించారు. 1984లో ఆ ఆలోచనే మూడు చక్రాల స్ట్రోలర్లు చేసే 'బేబీ జాగర్' కంపెనీ అయింది.

అయితే మూడు చక్రాలున్న ప్రతిదీ పరుగుకు తగినది కాదు. కొనేవాళ్లు ఎక్కువగా పొరబడేది ఇక్కడే. ముందు చక్రం అటూ ఇటూ తిరిగేదైతే దుకాణాల్లో, ఇరుకు సందుల్లో ఎంతో హాయి. అదే వేగంగా వెళ్తుంటే చిన్న రాయి తగిలినా చక్రం పక్కకు తిరిగి, బండి బోల్తా పడవచ్చు. అందుకే పరుగు తీసేవారు ముందు చక్రాన్ని పక్కకు తిరగకుండా తిన్నగా బిగించే లాక్ ఉన్నదే తీసుకోవాలి. గాలి నింపే పెద్ద టైర్లు గతుకుల కుదుపును బాగా మింగేస్తాయి, కానీ పంక్చర్ అవుతాయి.

ముందు ఒకే చక్రం కాబట్టి ఫుట్‌పాత్ అంచును ఏటవాలుగా ఎక్కిస్తే పక్కకు ఒరిగే ప్రమాదం ఎక్కువ. తిన్నగా ఎక్కించండి. హ్యాండిల్‌కు బరువైన సంచి తగిలించారా, బండి వెనక్కి పడిపోగలదు!

భుజాలు, నడుము, కాళ్ల మధ్య పట్టి ఉంచే అయిదు పట్టీల బెల్టు, మన మణికట్టుకు తగిలించుకునే తాడు తప్పనిసరి. బిడ్డ మెడ గట్టిగా నిలిచి, కనీసం ఆరు నెలలు నిండేదాకా నడకే మేలు; పరుగు మొదలుపెట్టే ముందు పిల్లల డాక్టర్‌ను అడగండి.