ఎదిగే వయసులో వ్యాయామం: సగం బలమే మేలు

బరువులెత్తితే పిల్లలు పొట్టిగా ఉండిపోతారన్న భయం మన ఇళ్లలో ఇంకా ఉన్నది. శిక్షకుని పర్యవేక్షణలో, క్రమపద్ధతిలో చేసే బలవ్యాయామం ఎదుగుదలను ఆపదని నేటి వైద్యశాస్త్రం చెప్పుచున్నది. శ్రీకాకుళం జిల్లాకు చెందిన కరణం మల్లీశ్వరి 12వ ఏట సాధన ఆరంభించి, 2000లో సిడ్నీ ఒలింపిక్స్‌లో కాంస్యపతకం సాధించారు. ఆ పతకం వెనుక పన్నెండేండ్లకు పైబడిన ఓర్పు ఉన్నది.

హాని చేసేది బరువు కాదు, తొందర. ఎత్తు వేగంగా పెరిగే దశ సాధారణంగా బాలికలకు 12, బాలురకు 14 ఏండ్ల ప్రాంతంలో వస్తుంది. అయితే ఒకే తరగతి పిల్లలలోనూ రెండేండ్ల వ్యత్యాసం సహజం. కనుక తోటివాడు ఎత్తిన బరువు మీ బిడ్డకు కొలత కారాదు.

ఈ దశలో ఎముకల చివర ఉండే మృదులాస్థి సున్నితంగా ఉంటుంది. మోకాలిచిప్ప దిగువన నొప్పి, వాపు కనిపించినచో ఉపేక్షింపక, గెంతులు తగ్గించి వైద్యునికి చూపవలెను.

వ్యాయామం శక్తిలో సగం వరకే చేయవలెనని సుశ్రుతుడు విధించెను. నుదుట, ముక్కుపై, చంకలలో చెమట పట్టుట, నోరెండుట దానికి గుర్తులు.

ఆచరణ: మూడు నెలలకొకసారి ఎత్తు కొలిచి వ్రాసుకొనండి. వారానికి రెండు మూడు రోజులు, నడుమ విరామమిచ్చి, మొదట దండీలు, బస్కీలు చేయించండి. అవి పది పదిహేనుసార్లు తీరు చెడకుండా చేయగలిగిన పిదపనే స్వల్పంగా బరువు చేర్చవలెను. పాలు, పెసలు, రాగులు, నువ్వులు, కంటినిండా నిద్ర ఉన్నచో పొడుల డబ్బాలతో పని లేదు.